దమ్ము పేషెంట్ల కోసం కొన్న ఈసీజీ మెషిన్: ఎనిమిది నెలలు వాడాక నా మాట

మాది మార్కాపురం వైపు ఒక చిన్న క్లినిక్ అండి, నేను జనరల్ ఫిజీషియన్ ని. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో దమ్ము పేషెంట్లే ఎక్కువ. పలకల క్వారీల్లో ఏళ్ళ తరబడి దుమ్ము మింగినవాళ్ళు, చుట్టలు బీడీలు కాల్చినవాళ్ళు, ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినా ఊపిరితిత్తులు మచ్చలు పడి మిగిలినవాళ్ళు, వీళ్ళందరికంటే ఎక్కువగా జన్మలో ఒక్క బీడీ ముట్టకుండా కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు. వీళ్ళకి ఒకరోజు కాళ్ళు వాస్తాయి, మెడ నరాలు ఉబ్బుతాయి, పది అడుగులు వేస్తే ఆగిపోతారు. అప్పుడు తెలుసుకోవాల్సింది గుండె కుడి పక్క మీద భారం పడుతోందా అని. ఎకో (గుండె స్కానింగ్) చేయిస్తే తెలుస్తుంది కానీ దానికి మేం ఒంగోలు పంపాలి, కూలి పోతుంది, తోడు ఒక మనిషి పోవాలి, చాలామంది వెళ్ళరు. అందుకని ముందు మా దగ్గరే ఈసీజీ తీసి, ఎవరిని తప్పకుండా పంపాలో తేల్చుకుందామని పాత సింగిల్ ఛానల్ డబ్బా పక్కన పెట్టి కొత్త మెషిన్ కొన్నా. ఆరు ఛానళ్ళది (ఒకేసారి ఆరు గీతలు కొడుతుంది), పన్నెండు లీడ్లు (గుండె కరెంటుని పన్నెండు వైపుల నుంచి చూపించే గీతలు), బ్యాటరీ ఉంది, రిపోర్ట్ కూడా తనే రాసి ఇస్తుంది, అన్నీ కలిపి 38 వేలు పడింది.

కంపెనీ పేరు రాయట్లేదు. ఈ ఇబ్బందులు ఒక్క వాళ్ళ మెషిన్ కే పరిమితం అని నేను అనుకోవట్లేదు, మీ దగ్గర ఏ మెషిన్ ఉన్నా ఇందులో చెప్పినవి ఒకసారి చూసుకుంటారని రాస్తున్నా.

ముందు బాగున్నవి చెప్తా. బ్యాటరీ నిజంగా బాగుంది, మాకు కరెంట్ పోయేది ఎక్కువ, మధ్యాహ్నం రెండు గంటలు పోయినా పని ఆగలేదు. గీత శుభ్రంగా వస్తుంది, పాత మెషిన్లో ఫ్యాన్ ఆపితే గానీ గీత నిలబడేది కాదు. మూడు కిలోల లోపే బరువు, బ్యాగులో పెట్టుకుని మంచం దిగలేనివాళ్ళ ఇంటికి కూడా తీసుకెళ్తున్నాం. స్క్రీన్ మీద పన్నెండు లీడ్లూ కనిపిస్తాయి కాబట్టి ఛాతీకి అంటించే ఏ రబ్బరు బల్బు ఊడిందో ప్రింట్ కొట్టకముందే తెలుస్తుంది, పేపర్ వృథా తగ్గింది.

ఇక అసలు విషయం ఆ ఆటోమేటిక్ రిపోర్ట్. కొనేటప్పుడు డెమోకి వచ్చినబ్బాయి దాన్నే గొప్పగా చూపించాడు. గుండె పేషెంట్లకి అది కొంతవరకు పనికొస్తుందేమో కానీ ఊపిరితిత్తుల పేషెంట్ దగ్గరికి వచ్చేసరికి దాన్ని నమ్మితే మనుషుల్ని తప్పుదారిలో పంపుతాం, ఎనిమిది నెలల్లో నాకు గట్టిగా తెలిసింది ఇదే.

ఒక అవ్వ గురించి చెప్తా. డెబ్బై దాటాయి, కాళ్ళు రెండూ మోకాళ్ళ దాకా వాచాయి, నొక్కితే గుంట పడుతోంది. దీపం పథకం 1999లో వచ్చింది గదమ్మా గ్యాస్ లేదా అంటే ఉంది కానీ టీకి మాత్రమే వాడతామని, అన్నం కూర పొయ్యి మీదే అని చెప్పింది, అప్పటికే ఆవిడ పొయ్యి ఊదడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటి ఉంటుంది. రక్తం తక్కువని ఒకచోట, గ్యాస్ ట్రబుల్ అని ఒకచోట మందులు వాడారు. ఈసీజీ తీస్తే మెషిన్ రాసింది ఏంటంటే గుండె ముందుభాగంలో పాత హార్ట్ ఎటాక్ అయ్యి ఉండొచ్చు అని. ఆవిడ కొడుకు ఫోన్లో ఎవరికో ఆ కాగితం ఫోటో పంపాడు, వాళ్ళు వెంటనే గుంటూరు తీసుకెళ్ళి యాంజియోగ్రామ్ చేయించండి అన్నారంట, అప్పు కోసం తిరగడం కూడా మొదలైంది.

నేను కాగితం చూస్తే వేరే కథ ఉంది. ఒక్కో కొట్టుకోడానికి గీతలో ముందు వచ్చే చిన్న గుట్ట పి (పై గదులు, అంటే కర్ణికలది), తర్వాత పొడుగు కొస క్యూఆర్ఎస్ (కింది గదులు, అంటే జఠరికలది, అందులో పైకి లేచేది ఆర్, తర్వాత కిందికి దిగేది ఎస్), చివరి గుట్ట టి. ఈ కాగితంలో లీడ్ టూ లో పి వేవ్ మూడు చిన్న గడుల (గడి అంటే ఒక మిల్లీమీటర్) ఎత్తు, పూరిగుడిసె కొప్పులాగా కొసదేరి ఉంది. మామూలుగా అది రెండున్నర గడులు దాటకూడదు. లీడ్ వన్ చూస్తే అసలు అక్కడ గుండె ఉందా అన్నంత చిన్నగా, పి లేదు, క్యూఆర్ఎస్ గడిన్నర కూడా లేదు, టి సరిగ్గా కనపడదు. దీన్ని లీడ్ వన్ సైన్ అంటారు, దక్షిణాఫ్రికా కార్డియాలజిస్ట్ షామ్రోత్ పేరుతో కూడా పిలుస్తారు (గోళ్ళు రెండూ వీపు వీపు కలిపి మధ్యలో సందు ఉందా అని చూసే పరీక్ష కూడా ఈయనదే, దమ్ము పేషెంట్ కి ఆ సందు మూసుకుపోయి ఉంటే కేవలం దమ్మే అని వదిలేయకండి, ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ గడ్డ ఏమైనా ఉందేమో వెతకాలి). యాక్సిస్ (గుండె కరెంటు మొత్తంగా పోయే దిక్కు) కుడికి తిరిగింది. ఛాతీ లీడ్లు వి1 నుంచి వి6 దాకా ఉంటాయి, వాటిలో వి5, వి6 లో లోతుగా ఎస్ లు ఉన్నాయి. ఇంకా వి1 నుంచి వి3 దాకా ఆర్ వేవ్ దాదాపు లేదు, మెషిన్ హార్ట్ ఎటాక్ అన్నది దాన్ని చూసే.

ఎందుకు అలా వస్తుందో కొంచెం చెప్పాలి, ఇది అర్థమైతే మిగతాదంతా తేలికవుతుంది. గాలి లోపల ఇరుక్కుపోయి ఊపిరితిత్తులు ఉబ్బిపోతాయి, కింద డయాఫ్రం కుంగి బల్లపరుపు అయిపోతుంది, దాని మీద కూర్చున్న గుండె కూడా కిందికి జారి నిలువుగా వేలాడుతుంది. మనం బల్బులు పెట్టేది మాత్రం ఎప్పుడూ పెట్టే చోటే. అంటే బల్బు గుండెకి పైన పడుతుంది, ఆర్ కనపడదు. పైగా గాలి కరెంటుని సరిగ్గా పోనివ్వదు కదా, ఉబ్బిన ఊపిరితిత్తి గుండెకి దుప్పటి కప్పినట్టు అవుతుంది, అన్ని గీతలూ పొట్టిగా వస్తాయి. ఇది ఊపిరితిత్తి చేసే మార్పు. గుండె చేసే మార్పు వేరే. ఆక్సిజన్ తక్కువైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకుంటాయి, సన్న నాళాలు కొన్ని అసలే నాశనమై ఉంటాయి, రక్తం కూడా చిక్కబడుతుంది, ఈ మూడింటినీ నెట్టుకుంటూ రక్తం పంపాల్సింది కుడి జఠరిక. దాని గోడ మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు, ఎడమదానికి దాదాపు పది ఉంటుంది. పల్చటి గోడ అంత బరువు మొయ్యలేదు, ముందు మందం అవుతుంది, తర్వాత సాగిపోతుంది, దాని వెనకున్న కుడి కర్ణిక కూడా పెద్దదవుతుంది, పి వేవ్ ఎత్తుగా వచ్చేది అందుకే.

నేను చేసింది చిన్న పని. బల్బులన్నీ ఒక పక్కటెముక సందు కిందికి జరిపి ఇంకో ఈసీజీ తీశా, కాగితం మీద 'ఒక సందు కింద' అని పెన్నుతో రాశా. వి2, వి3 లో ఆర్ లేచి వచ్చింది. హార్ట్ ఎటాక్ మచ్చ అయితే సాధారణంగా ఇలా జరిపినంత మాత్రాన లేచి రాదు. ఇదొక్కటే పట్టుకుని గుండె జబ్బు లేనేలేదని తేల్చేయలేం కానీ అప్పు చేసి పరిగెత్తాల్సిన అవసరం లేదని, ముందు ఎకో చేయిద్దామని చెప్పే ధైర్యం వచ్చింది. ఒంగోల్లో ఎకో తీస్తే ఎడమ పక్క పంపింగ్ బ్రహ్మాండంగా ఉంది, కుడి గదులు రెండూ సాగిపోయాయి, ట్రైకస్పిడ్ వాల్వ్ (ఆ రెండు గదుల మధ్య కవాటం) లీక్ ఉంది, ఊపిరితిత్తుల ప్రెషర్ ఎక్కువ. మెషిన్ రాసిన రోగం ఎక్కడా లేదు, ఉన్న రోగం మెషిన్ రాయనే లేదు.

ఇలాంటిదే ఇంకోటి, వి1 నుంచి వి3, వి4 దాకా టి వేవ్ తిరగబడి, ఎస్టీ (క్యూఆర్ఎస్ కి, టి కి మధ్య గీత) కొంచెం కిందికి వంగి ఉంటే మెషిన్ 'ఇస్కీమియా' (గుండె కండరానికి రక్తం చాలట్లేదు) అని కొట్టేస్తుంది. దమ్ము పేషెంట్ లో అదే వి1 లో ఆర్ ఎత్తుగా ఏడు గడులు ఉండి, లేదా ఎస్ కంటే ఆర్ పెద్దదై, యాక్సిస్ కూడా కుడికి ఉంటే అది కుడి జఠరిక స్ట్రెయిన్ (దాని మీద భారం పడిన గుర్తు) అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఆ టి లు ఒక్కోసారి గుండె కింది వైపుని చూసే లీడ్ టూ, త్రీ, ఏవీఎఫ్ లో కూడా తిరగబడతాయి. అలాగని గుండె నొప్పితో వచ్చినవాణ్ణి ఇది స్ట్రెయినే అని ఇంటికి పంపొద్దు దయచేసి, చుట్ట కాల్చిన మనిషికి రెండు జబ్బులూ ఉండొచ్చు, ట్రోపోనిన్ (హార్ట్ ఎటాక్ తేల్చే రక్త పరీక్ష) చేయించండి, పాత ఈసీజీ ఉంటే పక్కన పెట్టి చూడండి. ఆయాసం నిన్నటిదాకా లేకుండా ఇవాళ ఒక్కసారిగా వస్తే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ గురించి కూడా ఆలోచించాలి, అక్కడా కుడి పక్క స్ట్రెయినే కనిపిస్తుంది కానీ చెయ్యాల్సింది పూర్తిగా వేరు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది లయ విషయం. ఆక్సిజన్ బాగా పడిపోయి వచ్చిన ఒక పెద్దాయనకి గుండె 120 దాకా కొట్టుకుంటోంది, ఎగుడుదిగుడుగా. మెషిన్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పి వేవ్ లేకుండా కర్ణికలు అదిరే లయ, గడ్డలు కట్టకుండా రక్తం పల్చబడే మందు ఇచ్చేది దీనికే) అని రాసింది. లీడ్ టూ పొడుగు స్ట్రిప్ తీసి ఒక్కొక్క కొట్టుకోడానికి ముందు చూస్తే పి వేవ్ లు ఉన్నాయి, కానీ ఒకటి కొసగా, ఒకటి గుండ్రంగా, ఒకటి తలకిందులుగా, కనీసం మూడు రకాలు. అది మల్టీఫోకల్ ఏట్రియల్ టాకీకార్డియా (కర్ణికల్లో చాలా చోట్ల నుంచి పుట్టే వేగం), ముదిరిన ఊపిరితిత్తుల జబ్బులో బాగా చూస్తాం. దీనికి ముందు చేయాల్సింది ఆక్సిజన్ సరిచేయడం, ఇన్ఫెక్షన్ తగ్గించడం, పొటాషియం మెగ్నీషియం చూడటం. మెషిన్ మాట నమ్మి రక్తం పల్చబడే మందు మొదలుపెట్టి ఉంటే ఆ పెద్దాయన ఆ మందు ఎన్నేళ్ళు మింగేవాడో.

సెట్టింగుల్లో ఒకటి మాత్రం కొన్న రోజే మార్చేయండి, ఆటో గెయిన్. మాకిచ్చిన మెషిన్లో అది ఆన్ లో వచ్చింది, ఎవరూ చెప్పలేదు. గీతలు పొట్టిగా ఉంటే మెషిన్ తనంతట తను రెట్టింపు చేసి ప్రింట్ కొడుతుంది. మన పేషెంట్ల గీతలు పొట్టిగానే కదా ఉండేది! మొదటి వారం ఒకాయనకి పి వేవ్ నాలుగున్నర గడులు చూసి కంగారుపడ్డా, కాగితం కింద సన్న అక్షరాల్లో 20 అని ఉంది, మామూలు 10 కి మార్చి తీస్తే రెండుంబావు. మనం లెక్కపెట్టే రెండున్నర గడులు, ఏడు గడులు అన్నీ ఒక మిల్లీవోల్ట్ కి పది మిల్లీమీటర్లు ఉన్నప్పటి లెక్కలే. అలాగే 35 హెర్ట్జ్ కండరాల ఫిల్టర్ వేస్తే గీత అందంగా వస్తుంది కానీ కొసలు అరిగిపోతాయి, పేషెంట్ వణుకుతుంటే తప్ప వేయకండి. ఈ రెండిటి గురించి సర్వీస్ వాళ్ళని అడిగితే హెడ్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుని చెప్పడానికి మూడు రోజులు పట్టింది, ఇంత ముఖ్యమైన విషయం డెమోలోనే చెప్పాల్సింది.

బల్బుల గురించి. ఈ పేషెంట్లు చిక్కిపోయి ఉంటారు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, ఎముక మీద బల్బు గాలి పీల్చుకుని నిలబడదు, ఇచ్చిన బల్బులేమో పెద్దవి. స్టిక్కర్లు వాడితే బాగుంటుంది కానీ వాటికి కావాల్సిన క్లిప్పులు విడిగా కొనాలి. జెల్ ఎక్కువ పూస్తే ఒక బల్బు జెల్ ఇంకోదానికి అంటుకుని రెండు లీడ్లూ ఒకేలా వస్తాయి, అద్దినట్టు పూయాలి. ఇంకో సంగతి, వీళ్ళు వెల్లకిలా పడుకోలేరు, పడుకోబెడితే పెదాలు నల్లబడతాయి, తల వైపు ఎత్తి కూర్చోబెట్టినట్టే తీయండి, అలా తీశామని కాగితం మీద రాయండి, తర్వాతసారి కూడా అలాగే తీయండి, లేకపోతే రెండు ఈసీజీలకి పోలిక కుదరదు. నెబ్యులైజేషన్ పెట్టిన వెంటనే తీయకండి, చెయ్యి వణుకుతుంది, గుండె వేగం కూడా దానివల్లే పెరుగుతుంది.

వైర్ల రంగులు మాత్రం స్పష్టంగా ఉన్నాయి, ఎరుపు కుడి చేతికి, పసుపు ఎడమ చేతికి, ఆకుపచ్చ ఎడమ కాలికి, నలుపు కుడి కాలికి. అయినా మా కొత్త కాంపౌండర్ ఒకసారి ఎరుపు పసుపు మార్చేశాడు, క్వారీలో చేసిన మనిషి, దమ్ము ఉంది, యాక్సిస్ కుడికి అని మెషిన్ రాసింది, నేను కూడా ఒక్క క్షణం నమ్మేశా, అనుకున్నదే కనపడింది కాబట్టి. కానీ లీడ్ వన్ లో పి తలకిందులుగా ఉంది, ఏవీఆర్ (కుడి చేతి వైపు లీడ్) లో పైకి ఉంది, మామూలుగా ఇవి రెండూ దీనికి రివర్స్ ఉండాలి, ఛాతీ లీడ్లలో మాత్రం ఆర్ చక్కగా పెరుగుతూ వచ్చింది. సరిగ్గా పెట్టి మళ్ళీ తీస్తే యాక్సిస్ మామూలుగానే ఉంది. వైర్లు మారాయని హెచ్చరించే సౌకర్యం కొన్ని మెషిన్లలో ఉంటుంది, ఇందులో లేదు. కొనేముందు ఇది అడగండి. చేతి వైర్లు కావాలని మార్చి పెట్టి డెమోలోనే చూపించమనండి.

కేబుల్ గురించి ఒక్క మాట, అయిదో నెలలో వి2 వైరు బల్బు దగ్గర తెగింది, వారంటీలో రాదన్నారు, డబ్బు కట్టి మార్చుకున్నాం. పేపర్ థర్మల్ ది, ఎండకి, ప్లాస్టిక్ కవర్ కి వెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంట్లో దమ్ము మనిషి ఉన్నవాళ్ళకి చెప్తున్నా, ఈసీజీ నార్మల్ వచ్చిందని గుండె కుడి పక్క బాగుందని అనుకోవద్దు. ఎడమ జఠరిక కరెంటు చాలా పెద్దది, కుడిదాని గోల దాని కింద మునిగిపోతుంది, బాగా ముదిరేదాకా పైకి కనపడకపోవచ్చు. గుర్తులు కనపడితే చాలావరకు నిజమే, కనపడకపోతే లేదని కాదు. కాళ్ళ వాపులు, ఆయాసం ఉండి ఈసీజీ శుభ్రంగా వచ్చిన ఇద్దరిని నేను ఎకోకి పంపా, ఒకరికి కుడి జఠరిక బాగా సాగిపోయి ఉంది. మా క్లినిక్ లో అందుకే ఈసీజీ పక్కన వేలికి పెట్టే ఆక్సిజన్ మీటర్ రీడింగ్ కూడా రాస్తాం, ఈ 38 వేల మెషిన్ కంటే ఒక్కోసారి ఆ చిన్న మీటరే ఎక్కువ చెప్తుంది.

ఆక్సిజన్ ఎవరికి ఇంట్లో పెట్టాలి అనే నిర్ణయంలో కూడా ఈసీజీకి స్థానం ఉందని చాలామందికి తెలియదు. రక్తంలో ఆక్సిజన్ ప్రెషర్ 55 లేదా అంతకంటే తక్కువ, లేదా శాచురేషన్ (వేలి మీటర్లో కనపడే శాతం) 88 శాతం లేదా తక్కువ ఉంటే ఎలాగూ పెట్టాలి. ఆక్సిజన్ ప్రెషర్ 56 నుంచి 59 మధ్యలో ఉన్నవాళ్ళకి, గుండె కుడి పక్క దెబ్బతిన్న ఆధారం ఉంటే పెట్టొచ్చు, ఆ ఆధారాల్లో ఈసీజీలో ఎత్తైన పి వేవ్ ఒకటి. అంటే ఆ గడుల లెక్క మీద ఒక మనిషికి ఆక్సిజన్ దొరకడం దొరకకపోవడం ఆధారపడొచ్చు, ఆటో గెయిన్ గురించి నేను అంత పట్టుబట్టింది ఇందుకే. రోజుకి కనీసం 15 గంటలు పెట్టుకోవాలి, 1980, 1981లో వచ్చిన అమెరికా, బ్రిటన్ అధ్యయనాల్లో అలా పెట్టుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారు. శాచురేషన్ 88 నుంచి 92 మధ్యలో ఉంచితే చాలు, 99 రావాలని ఫ్లో పెంచేయకండి, ఈ పేషెంట్లలో కొందరికి కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి మత్తులోకి జారిపోతారు.

అయిదుకి ఎన్ని ఇస్తానంటే, గీతకి, బ్యాటరీకి నాలుగు, అది రాసే రిపోర్ట్ కి ఒకటి, సర్వీస్ కి రెండు. మళ్ళీ కొనాల్సి వస్తే కొంటానా అంటే కొంటా, గీత బాగుంది కాబట్టి, కానీ రిపోర్ట్ ప్రింట్ అవ్వకుండా ఆపేసే ఆప్షన్ ఉందో లేదో చూసి కొంటా. ఇందులో ఉంది, మేం ఆపేశాం. ఇప్పుడు ఆ ఖాళీ జాగాలో నేనే చేత్తో రాస్తున్నా, పి ఎత్తు ఎంత, యాక్సిస్ ఎటు, వి1 లో ఆర్ ఎంత, వి6 లో ఎస్ ఎంత, ఎలా పడుకోబెట్టి తీశాం, ఆక్సిజన్ ఎంత. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఆ అవ్వకి శాచురేషన్ 86 దగ్గర ఉండిపోతే కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్) పెట్టించాం, నిమిషానికి లీటరు చాలింది. కాళ్ళ వాపు తగ్గింది, అన్నం కూడా గ్యాస్ మీదకి మారింది, ఇంట్లో మిషన్ ఉంటే మంట దగ్గరికి పోకూడదని నేను గట్టిగా చెప్పా, స్టవ్ దగ్గరికి ఇప్పుడు కోడలే వెళ్తోంది. నెలకోసారి వచ్చినప్పుడు ఈసీజీ తీస్తున్నాం, పోయినసారి పి వేవ్ రెండుంబావుకి వచ్చింది, అదే మెషిన్, అదే గెయిన్, అదే ఎత్తులో తల. కొడుకు కాగితాలన్నీ రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి తెస్తున్నాడు. మొదటి ఈసీజీ అప్పుడే సగం వెలిసిపోయింది, మా దగ్గర జిరాక్స్ ఉంది కాబట్టి పక్కన పెట్టి చూపించగలిగా.